పైన పటారం, లోన లొటారం: రెట్రో పేరుతో మనకు అమ్ముతున్నది పాత వస్తువు కాదు, పాత తొడుగు

నమస్కారం. ఈ రోజు ఒకే ఒక్క మాట చెప్పదలచుకున్నాను. అది కొందరికి రుచించదని తెలిసే చెబుతున్నాను. రెట్రో మీద, అంటే పాతకాలపు వస్తువుల మీద, జనానికి ఉన్న మోజు జ్ఞాపకాల వల్ల పుట్టింది కాదు, కొన్న వస్తువు మీద కొన్నవాడికి పెత్తనం లేకుండా పోయినందువల్ల పుట్టింది. మూత విప్పడానికి వీల్లేని, బ్యాటరీ మార్చడానికి వీల్లేని, కళ్ళు అప్పగించి చూస్తే తప్ప ఏ మీట ఎక్కడుందో తెలియని వస్తువులతో విసిగిపోయినవాళ్ళు, విప్పితే ఊడివచ్చే, తిప్పితే తిరిగే వస్తువుల కోసం వెతుక్కుంటున్నారు. ఆ ఆరాటాన్ని పసిగట్టిన కంపెనీలు మనకు ఇస్తున్నదేమిటి? పాత తొడుగు, దాని లోపల అదే సీలు వేసిన కొత్త సరుకు. పైన పటారం, లోన లొటారం. ఈ వీడియో అంతా ఆ లొటారం గురించే.

రెట్రో అభిమానులను వెక్కిరించేవాళ్ళు పదే పదే చూపించే లెక్క ఒకటి ఉంది, మీలో చాలామంది చూసే ఉంటారు. అమెరికాలో వినైల్ రికార్డులు, అంటే ముల్లు పెట్టి పాట వినే ఆ పాతరకం పళ్ళేలు, కొన్నవారిలో సగం మంది దగ్గర మాత్రమే వాటిని వినిపించే ప్లేయర్ ఉందని సంగీత అమ్మకాల లెక్కలు కట్టే లూమినేట్ సంస్థ 2023లో చెప్పింది. అంతే, మిగతా సగం మంది రికార్డులను గోడకు తగిలించుకోవడానికే కొంటున్నారని, ఇదంతా వేలంవెర్రి అని తీర్పులు వచ్చేశాయి. అదే లెక్కలోని రెండో అంకెను మాత్రం ఎవరూ చదవలేదు. సంగీతం వినే మొత్తం జనంలో ప్లేయర్ ఉన్నవారు 15 శాతమే. 15 శాతం ఎక్కడ, 50 శాతం ఎక్కడ? 2022లో అమెరికాలో సుమారు 4 కోట్ల 10 లక్షల రికార్డులు అమ్ముడైతే సీడీలు 3 కోట్ల 30 లక్షలు అమ్ముడయ్యాయి. 1987 తరువాత రికార్డులు సీడీలను దాటడం అదే మొదటిసారి. వాటిని కొంటున్నవారిలో ఎంతోమంది 1987 నాటికి పుట్టనే లేదు. పుట్టకముందు సంగతులు ఎవరికి జ్ఞాపకం ఉంటాయో, ఈ జ్ఞాపకాల సిద్ధాంతం చెప్పేవాళ్ళే చెప్పాలి.

నా వాదానికి రుజువు రికార్డుల దుకాణంలో కాదు, యుద్ధనౌకలో దొరుకుతుంది. 2017 ఆగస్టులో సింగపూర్ సమీపంలో యూఎస్ఎస్ జాన్ ఎస్. మెకెయిన్ అనే అమెరికా నౌక ఒక చమురు ట్యాంకరును ఢీకొంది, పదిమంది నావికులు చనిపోయారు. చుక్కాని, ఇంజన్ల వేగం టచ్ స్క్రీన్ల మీద నడుస్తున్న ఆ నౌకలో, ఏ నియంత్రణ ఏ తెరకు మారిందో సిబ్బందికి అర్థం కాకపోవడం ఆ ప్రమాదానికి దారితీసిన కారణాల్లో ఒకటని దర్యాప్తులో తేలింది. ఆ తరువాత 2019లో అమెరికా నౌకాదళం తన డిస్ట్రాయర్ రకం యుద్ధనౌకల్లో, ఇంజన్ల వేగం మార్చేందుకు చేత్తో పట్టుకుని తోసే పాతరకం థ్రాటిల్ మీటలను మళ్ళీ బిగిస్తామని ప్రకటించింది. నౌకాదళానికి అలంకారాల మీద మోజు ఉండి ఆ పని చేసిందా? కార్ల భద్రతకు మార్కులు వేసే యూరో ఎన్‌క్యాప్ సంస్థ కూడా, ఇండికేటర్లు, హారన్, వైపర్లు, హజార్డ్ లైట్ల వంటి ముఖ్యమైన వాటికి విడిగా బటన్లో మీటలో లేకపోతే 2026 నుంచి అత్యున్నత రేటింగు దొరకడం కష్టమయ్యేలా నియమాలు మార్చింది. ప్రాణం మీదికి వచ్చిన చోట అందరూ మీట వైపే తిరిగి వస్తున్నారు. మీరు, నేను ఇంట్లో అదే కోరుకుంటే మాత్రం దానికి పాతకాలపు పిచ్చి అని పేరు పెడుతున్నారు.

1979 జూలై 1న జపాన్‌లో అమ్మకానికి వచ్చిన సోనీ తొలి వాక్‌మన్‌ను చూడండి. నీలం, వెండి రంగుల ఆ డబ్బాకు ఇద్దరు కలిసి వినేందుకు రెండు హెడ్‌ఫోన్ రంధ్రాలు, పైన నారింజ రంగు బటన్ ఒకటి ఉండేవి. ఆ బటన్ నొక్కితే పాట తగ్గి, లోపలి మైకు ద్వారా పక్కవాడి మాట చెవిలో వినబడేది. ఒక బటన్, ఒకే పని. జేబులో చెయ్యి పెట్టి, చూడకుండానే నొక్కవచ్చు. ఇంతకన్నా గౌరవంగా మనిషి చేతిని తలచుకున్న డిజైన్ ఈనాటి ఫోన్‌లో ఎక్కడుందో చూపించండి.

అంతకుముందే 1956లో జర్మనీలోని బ్రౌన్ కంపెనీ కోసం హాన్స్ గుగెలోట్, డీటర్ రామ్స్ అనే డిజైనర్లు కలిసి ఎస్‌కే4 అనే రేడియో రికార్డు ప్లేయర్‌ను రూపొందించారు. రేడియో అంటే చెక్క బీరువా లాగా కనిపించాలనే ఆ రోజుల్లో, వాళ్ళు పైన పారదర్శకమైన అక్రిలిక్ మూత పెట్టి లోపలి పళ్ళెం, ముల్లును మోసే చెయ్యి, మీటలన్నీ బయటికే చూపించారు. గిట్టనివాళ్ళు దాన్ని స్నో వైట్ శవపేటిక అన్నారు. ఆ పెట్టెలో నాకు కనిపించేది మాత్రం నిజాయితీ. అది వెనక్కి చూసి చేసిన వస్తువు కాదు, ముందుకు చూసి చేసినది. 1967లో వచ్చిన డిజైనర్ వెర్నర్ పాంటన్ కుర్చీ కూడా అంతే. అడుగుభాగం, వీపు, సీటు అన్నీ ఒకే ప్లాస్టిక్ ముక్కగా అచ్చుపోయడం అప్పటికి ఒక సాహసం. ఇప్పుడు వాటి ఆకారాన్ని నకలు కొట్టి రెట్రో అలంకరణ అని అమ్మేవాళ్ళు ఆకారం ఒక్కటే తీసుకుని, అందులోని సాహసాన్ని అక్కడే వదిలేశారు.

ఇప్పుడు ఒక అసలైన పాత వాల్వు రేడియో వెనక అట్టను విప్పి చూద్దాం, ఎందుకంటే నా వాదమంతా ఆ అట్ట వెనకే ఉంది. గాలి ఆడేందుకు రంధ్రాలు పొడిచిన ఆ అట్ట, నాలుగు స్క్రూలు తీస్తే ఊడివస్తుంది. లోపల వాల్వులు, అంటే ట్రాన్సిస్టర్లు రాకముందు వాటి పని చేసిన గాజు గొట్టాలు, సాకెట్లలో నిలబడి ఉంటాయి; ఒకటి పాడైతే పీకేసి, అదే నంబరుది తెచ్చి గుచ్చడమే, సోల్డరింగ్ కూడా అక్కరలేదు. చాలా సెట్లలో పెట్టె లోపలే సర్క్యూట్ పటం అతికించి ఉంటుంది, అంటే తయారుచేసినవాడు విప్పబోయేవాడి కోసం ఉత్తరం రాసి పెట్టాడన్నమాట. ముందువైపు గుండ్రటి నాబ్ తిప్పితే, దాని ఇరుసుకు చుట్టిన సన్నటి తాడు కదిలి, చిన్న కప్పీల మీదుగా వెళ్ళి, ఒక డ్రమ్మును తిప్పుతుంది. ఆ తాడు వదులు కాకుండా ఒక స్ప్రింగు పట్టి ఉంచుతుంది. ఆ తాడుకే తగిలించిన ముల్లు గాజు మీది స్టేషన్ల పేర్ల వెంట జరుగుతుంది. డ్రమ్ముతో పాటు అర్ధచంద్రాకారపు అల్యూమినియం రేకులు ఒకదాని మధ్యకు ఒకటి, తగలకుండా దూరుతాయి. ఆ రేకులు ఎంత మేర ఒకదాన్నొకటి కప్పుకున్నాయన్న దాన్ని బట్టే ఏ స్టేషన్ వినపడాలో తేలుతుంది. అంటే మీ వేళ్ళ కదలికే స్టేషన్‌ను ఎంచుకుంటోంది, మధ్యలో మిమ్మల్ని అడ్డుకునే మెనూ ఏదీ లేదు. (ఎవరూ తొందరపడి విప్పకండి. ప్లగ్గు పీకిన తరువాత కూడా అందులో కరెంటును నిలవ ఉంచే కెపాసిటర్లలో ప్రాణాంతకమైన వోల్టేజీ నిలిచి ఉండవచ్చు. దాన్ని ఖాళీ చేయడం తెలిసినవారి పక్కన కూర్చునే నేర్చుకోవాలి.)

దీని పక్కనే, పాత రేడియో రూపంలో వచ్చిన కొత్త స్పీకరు ఒకదాన్ని నేను విప్పిన సంగతి చెబుతాను. చెక్కలా కనిపించినది పొట్టుచెక్క మీద అంటించిన కాగితం. డయల్ మీది అంకెలు ముద్రించిన బొమ్మ, వాటి మధ్యనున్న ముల్లు కదలదు, ఎందుకంటే అది కూడా ముద్రించినదే. వెనకనున్న వెచ్చటి కాంతి ఒక ఎల్‌ఈడీ. లోపల అరచేతిలో పట్టే సర్క్యూట్ బోర్డు, జిగురుతో అతికించిన లిథియం బ్యాటరీ. ఆ బ్యాటరీ చచ్చిపోయిన రోజున మొత్తం పెట్టె చెత్తబుట్టకు పోవలసిందే. కదలని ముల్లును అమ్మడానికి వీళ్ళకు మనసు ఎలా ఒప్పింది?

సూట్‌కేసు ఆకారంలో వచ్చే చవక రికార్డు ప్లేయర్లది ఇంకా పెద్ద ద్రోహం. మంచి కార్ట్రిడ్జి (ముల్లును పట్టి ఉంచి, దాని కదలికను పాటగా మార్చే చిన్న డబ్బీ) ముల్లు సుమారు 2 గ్రాముల బరువుతో రికార్డు గాడి మీద నడుస్తుంది, ఆ బరువును సరిచూసుకునేందుకు ముల్లును మోసే చేతి చివర ఒక తిప్పే దిమ్మ ఉంటుంది. ఈ సూట్‌కేసుల్లో చాలావాటికి ఆ దిమ్మే ఉండదు, ముల్లు అంతకు రెండింతలకు పైగా బరువుతో గాడిలో కూర్చుంటుంది. 1972లో వచ్చిన టెక్నిక్స్ ఎస్‌ఎల్-1200 రికార్డు ప్లేయర్ల పళ్ళేలు ఈనాటికీ తిరుగుతున్నాయంటే, అందులో అరిగే బెల్టు లేకుండా మోటారే నేరుగా పళ్ళేన్ని తిప్పుతుంది కాబట్టి, పాడైన భాగాన్ని విడిగా మార్చుకోవచ్చు కాబట్టి.

అదే 1972లో వచ్చిన, ఫోటోను అప్పటికప్పుడే చేతికిచ్చే పోలరాయిడ్ ఎస్‌ఎక్స్-70 కెమెరా చేసిన పని నన్ను ఇప్పటికీ ఆశ్చర్యపరుస్తుంది. ఆ కెమెరాలో బ్యాటరీ లేదు. బ్యాటరీ ఫిల్ము ప్యాకెట్టులోనే ఉంటుంది. కొత్త ఫిల్ము పెట్టిన ప్రతిసారీ కొత్త బ్యాటరీ దానంతటదే వస్తుంది. బ్యాటరీ కారిపోయి కెమెరా పాడయ్యే ప్రసక్తే లేదు. 2008లో కంపెనీ ఫిల్ము తయారీ ఆపేస్తే, నెదర్లాండ్స్‌లోని ఎన్‌స్కెడేలో మూతపడబోతున్న కర్మాగారంలోని యంత్రాలను కొందరు కాపాడుకుని, ఫిల్మును మళ్ళీ మొదటినుంచి కనిపెట్టారు. కెమెరా ఇంకా పనిచేస్తోంది కాబట్టే అంత శ్రమకు అర్థం ఉంది. అది సీలు వేసిన వస్తువైతే ఎవరు పూనుకునేవారు?

పాతదంతా బంగారం అనడం నా ఉద్దేశం కాదు. బయటినుంచి గొళ్ళెం పడే పాత ఫ్రిజ్‌లలో పిల్లలు చిక్కుకుని చనిపోయారు. అందుకే లోపలినుంచి తెరుచుకునే తలుపులే ఉండాలని 1956లో అమెరికా చట్టం చేసింది. వాటిలోని వాయువు ఓజోన్ పొరకు చిల్లు పెట్టింది. కొన్ని గడియారాల ముళ్ళకు రేడియం పూశారు. తయారీదారులు కూడా అప్పుడేమీ పుణ్యాత్ములు కారు. 1924లో ఆస్రామ్, ఫిలిప్స్ వంటి బల్బు కంపెనీలు జెనీవాలో కూడబలుక్కుని బల్బు ఆయుష్షును 1000 గంటలకు కుదించాయి. అయినా వాళ్ళు కూడా హోల్డరు మరను చెడగొట్టలేదు. 19వ శతాబ్దంలో ఎడిసన్ పేరుతో స్థిరపడిన ఆ మరలోనే ఈనాటి ఎల్‌ఈడీ బల్బు సైతం బిగుస్తోంది. నేను అడుగుతున్నది ఆ గొళ్ళెం, ఆ రేడియం కాదు. ఆ మరను అడుగుతున్నాను.

ఈ మాట అంటున్నది నేనొక్కడినే కాదు, చట్టం కూడా అటే నడుస్తోంది. ఐరోపా సమాఖ్యలో 2027 ఫిబ్రవరి 18 నుంచి, చేతిలో పట్టుకుని తిరిగే పరికరాల బ్యాటరీని కొన్ని మినహాయింపులు పోను వినియోగదారుడే తీసి మార్చుకునేలా తయారుచేయాలి. పాతికేళ్ళ క్రితం నాటి దాదాపు ప్రతి మొబైల్ ఫోనూ గోటితో వెనక మూత లేపితే ఇచ్చిన సౌకర్యమే అది. దాన్ని లాక్కున్నవాళ్ళే ఇప్పుడు దాని రంగు, దాని గుండ్రటి అంచులు మనకు తిరిగి అమ్ముతున్నారు.

కాబట్టి రెట్రో అని రాసి ఉన్న ఏ వస్తువునైనా కొనేముందు తిరగేసి అడుగు చూడండి. స్క్రూలు కనబడుతున్నాయా, లేక అంతా అతికించేశారా? నాబ్ తిప్పితే చివర్లో ఆగుతుందా, ఊరికే గిర్రున తిరుగుతోందా? బెల్టు, ముల్లు, బ్యాటరీ విడిగా దొరుకుతాయా అని అమ్మేవాడిని మొహమాటం లేకుండా అడగండి, దొరకవంటే అక్కడే వదిలేసి రండి. మీ ఇంట్లో ఉన్న రెట్రో వస్తువును తిరగేస్తే ఏం కనబడిందో కింద కామెంట్లలో రాయండి, కంపెనీలు చదివేలా రాయండి. వచ్చే వీడియోలో, రబ్బరు బెల్టు కరిగి తారులా అంటుకుపోయిన ఒక క్యాసెట్ డెక్కును తీసుకుని, ఆ జిగటను ఆల్కహాల్‌తో ఎలా తుడవాలో, కొత్త బెల్టును ఏ కొలతతో ఎంచుకోవాలో మొదటినుంచి చివరిదాకా చూపిస్తాను.