ఫోన్-ఇన్: హవాసుపాయి లోయలో మూడు రాత్రులు

యాంకర్: నమస్కారం. అమెరికాలోని అరిజోనాలో, లోయ అడుగున ఉన్న హవాసుపాయి క్యాంప్‌గ్రౌండ్‌కి వెళ్లాలనుకునేవాళ్ల ప్రశ్నలకి ఈ రోజు మన గైడ్ గారు జవాబు చెబుతారు. మొదటి కాలర్, చెప్పండి.

కాలర్: నమస్తే అండీ. మేం ఆరుగురం. నేను, మా ఆయన, మా మరిదీ తోటికోడలూ, ఇద్దరు పిల్లలు, చిన్నవాడికి పదకొండేళ్లు. ఆ నీలం నీళ్ల ఫోటో చూసినప్పట్నుంచి మా మరిది ఆగట్లేదు. సెలవేమో శని, ఆదివారాలే. శనివారం దిగి ఆదివారం ఎక్కేస్తే...

గైడ్: కుదరదమ్మా. క్యాంప్‌గ్రౌండ్ బుకింగ్ 3 రాత్రులకే ఇస్తారు. అది హవాసుపాయి తెగవాళ్ల నేల, ఒక్క రోజులో వెళ్లొచ్చేవాళ్లని రానివ్వరు. ఇంతకీ బుక్ అయిందా?

కాలర్: మా మరిది చేశాడనుకుంటా.

గైడ్: అనుకోవద్దు, కనుక్కోండి. రూట్ 66 హైవే వదిలాక, నడక మొదలయ్యే హిల్‌టాప్ దాకా 60 మైళ్లు, దారిలో పెట్రోలు కూడా దొరకదు. బుకింగ్ లేకపోతే అంత దూరం వెళ్లి వెనక్కి రావాలి.

కాలర్: నడక ఎంతండీ? పిల్లాడు నడుస్తాడా?

గైడ్: హిల్‌టాప్ నుంచి సుపాయి ఊరు 8 మైళ్లు, అక్కణ్ణుంచి క్యాంప్‌గ్రౌండ్ ఇంకో 2. దిగేటప్పుడు పిల్లలు పరిగెడతారు. కొండెక్కితే అలిసిపోయాక దిగుతాం కదా, ఇక్కడ తలకిందులు. అలిసిపోయాకే ఎక్కాలి. చివరి మైలున్నరలోనే దాదాపు 1,000 అడుగుల ఎక్కుడు, నీడ తక్కువ. అందుకని తిరుగు ప్రయాణాన్ని బట్టి ప్లాన్ వేసుకోండి. తెల్లవారకముందే లేచి సర్దుకోండి. హిల్‌టాప్‌లో నీళ్లుండవు, ఊరు చేరేదాకా దారిలోనూ ఉండవు. మనిషికి మూడు నాలుగు లీటర్లు మోయాలి.

కాలర్: అయ్యో. హెలికాప్టర్ ఉందటగా?

గైడ్: ఉంది. ముందు ఊరివాళ్లు, తర్వాతే మనం. సీటు రిజర్వ్ చేసుకోలేం, వరుసలో నిలబడాలి. రోజూ తిరగదు. గాలి ఎక్కువైతే అసలే లేదు.

కాలర్: సరేనండీ. మరి వచ్చేరోజు పిల్లాడు మరీ నీరసపడితే, అప్పుడు ఆ హెలికాప్టర్‌లో...

గైడ్: అమ్మా, ఇప్పుడే చెప్పాను. దాన్ని నమ్ముకుని దిగొద్దు. పిల్లాడి వీపు మీద బరువు వద్దు. సామానుకి ముందుగానే కంచరగాడిదలు మాట్లాడుకోవచ్చు. ఇంకో నెల రోజులుంటే వారానికి రెండుసార్లు మెట్లెక్కించండి, మీరూ ఎక్కండి. నీళ్లతో పాటు ఉప్పు తగిలే తిండి కూడా పెట్టండి, ఉత్త నీళ్లే తాగితే తల తిరుగుతుంది.

కాలర్: మా ఆయనకి మోకాలు...

యాంకర్: థాంక్యూ అండీ. నెక్స్ట్ కాలర్.

కాలర్: సార్, రెండు బీర్లు...

గైడ్: మందు నిషేధం. డ్రోన్ కూడా. చలిమంట కూడా. గ్యాస్ స్టవ్ చాలు.

కాలర్: ఒక్కటైనా?

గైడ్: ఒక్కటీ వద్దు.

యాంకర్: ఇంకో కాలర్.

కాలర్: టెంట్ వాగు ఒడ్డున వేస్తే బాగుంటుందా?

గైడ్: చప్పుడు బాగుంటుంది. కానీ వాన మీ నెత్తిన పడక్కర్లేదు, ఎక్కడో పైన పడితే చాలు వరద వచ్చేస్తుంది. 2008లో, 2022లో, 2024లో వచ్చింది. ఎత్తుగా వేసుకోండి, పైకి పరిగెత్తే దారి పగలే చూసి పెట్టుకోండి. తాగే నీళ్లు క్యాంప్‌గ్రౌండ్‌లో ఊట దగ్గర పట్టుకోవచ్చు. చెత్త మాత్రం మళ్లీ పైకి మోసుకు రావాలి.

కాలర్: మూనీ జలపాతం కిందికి పిల్లల్ని...

గైడ్: దాదాపు 200 అడుగులు. గొలుసులు పట్టుకుని, తడిసిన నిచ్చెనల మీద దిగాలి. చేతికి గ్లౌజులుండాలి. భయపడే పిల్లల్ని పైనే ఉంచండి, హవాసు జలపాతం దగ్గర ఆడుకుంటారు. దిగేవాళ్లు కూడా ముందు కింద నుంచి వచ్చేవాళ్లకి దారి...

యాంకర్: టైమ్ అయిపోయిందండీ. థాంక్యూ.