రెండు పాత కంప్యూటర్లు, మధ్యలో ఒకే ఒక్క కేబుల్

అందరికీ నమస్కారం.

ఇక్కడ డీటీపీ పని, అంటే కంప్యూటర్లో పేజీలు కూర్చే పని, చేసినవాళ్లు చాలామందే ఉన్నారు కాబట్టి నేరుగా విషయానికి వస్తాను. షాపులో ఓ మూల విండోస్ 98 సిస్టమ్, ఇంట్లో ఎక్స్‌పీ సిస్టమ్, రెండిట్లోనూ శుభలేఖలు, కరపత్రాలు, ఊళ్లో పెద్దాయనెవరో రాసుకున్న పద్యాల పుస్తకం, అన్నీ అనూ అనే తెలుగు ఫాంట్లలో, పేజీలు కూర్చే పేజ్‌మేకర్ సాఫ్ట్‌వేర్ ఫైళ్లుగా పడున్నాయి. ఆ డిస్కు ఎప్పుడు ఆగిపోతుందో ఎవరూ చెప్పలేరు. వాటిని బయటికి తీయడానికి ఆ మిషన్‌ని ఇంటర్నెట్‌కి మాత్రం కలపకండి, ఇంకో కంప్యూటర్‌కి నేరుగా ల్యాన్ కేబుల్‌తో (కంప్యూటర్లని నెట్‌వర్క్‌లో కలిపే తీగతో) కలపండి. ఈ రోజు నేను చెప్పేదంతా దీని గురించే.

విండోస్ 98కి 2006లో, ఎక్స్‌పీకి 2014లో మైక్రోసాఫ్ట్ సపోర్ట్ ఆపేసింది. వాటిని నెట్‌కి కలపడమంటే తలుపు తీసిపెట్టి ఊరెళ్లడమే. మరి పెన్‌డ్రైవ్ పెడితే పోదా అంటారు. విండోస్ 98లో పెన్‌డ్రైవ్ పెట్టగానే రాదండీ, దాని డ్రైవర్ విడిగా వెయ్యాలి, ఆ డ్రైవర్ సీడీ ఇప్పుడు ఎవరి దగ్గరుంది? పైగా ఆ కాలం యూఎస్‌బీ పోర్టు వేగం సెకనుకి 12 మెగాబిట్లు. అదే మిషన్‌లో ఉన్న మామూలు ల్యాన్ కార్డు 100 మెగాబిట్లు. ఇంక లెక్క మీరే వేసుకోండి.

ల్యాన్ కార్డు డేటాని 1, 2 పిన్నుల మీద పంపిస్తుంది, 3, 6 పిన్నుల మీద అందుకుంటుంది. మధ్యలో స్విచ్, అంటే కంప్యూటర్లని కలిపే నెట్‌వర్క్ పెట్టె, ఉంటే అటుది ఇటు మార్చే పని అది చూసుకుంటుంది. స్విచ్ లేకుండా మామూలు కేబుల్ పెడితే ఇద్దరూ ఒకే తీగ మీద మాట్లాడతారు, వినే తీగ మీద ఎవరూ మాట్లాడరు. అందుకని ఒక చివర ఆ రెండు జతల్ని తారుమారు చేస్తాం, అదే క్రాస్ కేబుల్. గిగాబిట్ కార్డున్న సిస్టమ్ ఒక వైపు ఉంటే ఇంత అవసరం లేదు, అది తనే కనిపెట్టి సర్దుకుంటుంది, మామూలు కేబుల్ సరిపోతుంది. రెండూ పాతవైతే మాత్రం క్రాస్ కేబులే కావాలి.

కేబుల్ చెయ్యడం దగ్గర కాస్త ఆగుదాం, ఎక్కువమందికి తేడా కొట్టేది ఇక్కడే. పైతొక్క అంగుళం మేర కోసి నాలుగు జతలు విడదియ్యండి. మెలిక విప్పేది వీలైనంత తక్కువ, అరంగుళం దాటొద్దు. ఆర్‌జే-45 ప్లగ్గుని క్లిప్పు కిందికి వచ్చేలా, వైరు దూర్చే వైపు మీ వైపుకి ఉండేలా పట్టుకుంటే ఎడమ చివరది ఒకటో పిన్ను. ఒక వైపు వరస ఇదీ: వైట్ ఆరెంజ్, ఆరెంజ్, వైట్ గ్రీన్, బ్లూ, వైట్ బ్లూ, గ్రీన్, వైట్ బ్రౌన్, బ్రౌన్. రెండో వైపు ఆరెంజ్ జత ఉన్నచోట గ్రీన్, గ్రీన్ ఉన్నచోట ఆరెంజ్, మిగతావన్నీ అలాగే. ఎనిమిది తీగల కొసలు సమానంగా కత్తిరించి ప్లగ్గులోకి చివరిదాకా తోయండి, ముందు నుంచి చూస్తే ఎనిమిది రాగి చుక్కలు కనపడాలి, అప్పుడే క్రింపర్‌తో (ప్లగ్గు బిగించే పనిముట్టుతో) నొక్కాలి. పైతొక్క కూడా ప్లగ్గు లోపలికి రావాలి, లేకపోతే రెండుసార్లు లాగితే ఊడి చేతిలోకి వస్తుంది.

పెట్టాక కార్డు మీద లైటు వెలగాలి. లైటు వెలగనిదే సాఫ్ట్‌వేర్ జోలికి వెళ్లకండి, గంటలు గంటలు సెట్టింగులు మార్చుకుంటూ కూర్చుంటారు, తప్పంతా తీగలో ఉంటుంది.

లైటు వెలిగితే ఐపీ అడ్రస్, అంటే నెట్‌వర్క్‌లో కంప్యూటర్ చిరునామా, ఒకదానికి 192.168.0.1, రెండోదానికి 192.168.0.2 ఇవ్వండి, రెండిటికీ సబ్‌నెట్ మాస్క్ 255.255.255.0, గేట్‌వే ఖాళీగా వదిలెయ్యండి, బయటికి వెళ్లే దారే లేనప్పుడు గేట్‌వే ఎందుకు? వర్క్‌గ్రూప్ పేరు రెండిట్లోనూ ఒకటే పెట్టండి. అవతలి కంప్యూటర్ పలుకుతోందో లేదో తెలియడానికి పింగ్ కమాండ్ కొట్టి చూడండి. ఎక్స్‌పీ సర్వీస్ ప్యాక్ 2 నుంచి బయటినుంచి వచ్చేవాటిని అడ్డుకునే ఫైర్‌వాల్ దానంతటదే ఆన్‌లో ఉంటుంది, పింగ్‌కి జవాబు రాకపోతే ముందు దాన్ని చూడండి, ఫైల్ షేరింగ్‌కి అనుమతి ఇస్తే చాలు. విండోస్ 98లో ఇంకో తిరకాసు ఉంది. స్టార్ట్ అయ్యేటప్పుడు పేరు, పాస్‌వర్డ్ అడిగే బాక్సు వస్తుంది కదా, చాలామంది క్యాన్సిల్ నొక్కేస్తారు. క్యాన్సిల్ కొడితే కంప్యూటర్ నడుస్తుంది గానీ నెట్‌వర్క్ కనపడదు. పేరు కొట్టి ఓకే చెప్పే లోపలికి వెళ్లాలి.

ఫోల్డర్ షేర్ చేశాక నెట్‌వర్క్ నైబర్‌హుడ్‌లో కనపడేదాకా ఎదురు చూడక్కర్లేదు, రన్‌లో రెండు బ్యాక్‌స్లాష్‌లు కొట్టి అవతలి ఐపీ రాస్తే తెరుచుకుంటుంది. ఒక సీడీ నిండా ఉండే 700 ఎంబీ డేటా, హార్డ్ డిస్కు బాగుంటే, రెండు మూడు నిమిషాల్లో వచ్చేస్తుంది.

ల్యాన్ కార్డే లేని మరీ పాత మిషన్లకి సీరియల్ పోర్టు ఉంది. అక్కడా సూత్రం ఇదే, 2, 3 పిన్నులు తారుమారు చేసిన నల్ మోడెమ్ కేబుల్. డాస్ 6లో ఇంటర్‌లింక్, విండోస్ 95లో డైరెక్ట్ కేబుల్ కనెక్షన్ దీనికోసమే ఇచ్చారు. ఎంత వేగంగా నడిపినా సెకనుకి 11,520 బైట్లు, అంటే ఒక ఫ్లాపీ రావడానికి రెండు నిమిషాల పైన, ఆ 700 ఎంబీకైతే దాదాపు 18 గంటలు. ఉత్తరాలు, లెక్కల ఫైళ్లు అయితే దీంతో హాయిగా లాగొచ్చు, బొమ్మలున్న పేజీలకి వద్దు.

యూఎస్‌బీ గురించి ఒక హెచ్చరిక. రెండు చివరలా చదునుగా ఉండే యూఎస్‌బీ కేబుల్ దొరుకుతుంది, దాన్ని రెండు కంప్యూటర్లకీ గుచ్చకండి. రెండూ 5 వోల్టులు బయటికి ఇచ్చేవే, ఎదురెదురుగా కలిస్తే పోర్టు పోవచ్చు. డేటా కోసమైతే మధ్యలో చిన్న చిప్పు పెట్టె ఉన్న కేబుల్ వేరే వస్తుంది.

ఎక్స్‌పీ నుంచి విండోస్ 10కి తేవాలంటే ఇంకో అడ్డంకి. ఎక్స్‌పీకి తెలిసిన షేరింగ్ పద్ధతి పేరు ఎస్‌ఎంబీ 1, దాన్ని కొత్త విండోస్‌లో భద్రత కోసం 2017 నుంచి తీసేస్తూ వచ్చారు, మంచి పనే చేశారు. వైఫై ఆపేసి, నెట్ కేబుల్ తీసేసి, విండోస్ ఫీచర్స్‌లో దాన్ని ఆ పూటకి ఆన్ చేసుకోండి, ఫైళ్లు లాగేశాక వెంటనే ఆఫ్ చేసి, అప్పుడు నెట్‌కి కలపండి. విండోస్ 98 ఫైళ్లని ముందు ఎక్స్‌పీలోకి తెచ్చుకుని అక్కణ్నుంచి ఇలా దాటించడం సులువు.

ఒకటి మాత్రం మర్చిపోకండి, ఫైళ్లతో పాటు విండోస్‌లోని ఫాంట్స్ ఫోల్డర్ కూడా కాపీ చెయ్యండి. అనూ ఫైల్ యూనికోడ్ (ఏ కంప్యూటర్‌లోనైనా తెలుగుని తెలుగుగా గుర్తించే పద్ధతి) కాదు, ఫాంట్ లేకుండా తెరిస్తే తెలుగు పద్యం బదులు ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు కలగాపులగంగా కనపడతాయి. కొత్త సిస్టమ్‌లో నాలుగైదు ఫైళ్లు తెరిచి, పేజీ పేజీ చూసి, ఇంకో డిస్కులో రెండో కాపీ పెట్టుకున్నాకే పాత మిషన్ ఆపండి.

బల్ల మీద ఒక 98, ఒక ఎక్స్‌పీ పెట్టాం. వైరు, ప్లగ్గులు, క్రింపర్ కూడా ఉన్నాయి. ఇప్పటిదాకా ఎప్పుడూ కేబుల్ చెయ్యనివాళ్లు ముందుకు రండి, మీచేతే చేయిద్దాం.