మే 6న ఏం జరిగింది? నాలుగు నిమిషాల మైలు అసలు కథ

అందరికీ నమస్కారం. ఈరోజు మన తేదీ మే 6.

ఈ రోజున జరిగినవన్నీ గడగడా చదివేస్తే రెండు నిమిషాల్లో వీడియో అయిపోతుంది. నాకు అలా చేయడం ఇష్టం లేదు. కొన్ని చకచకా చెప్పేస్తాను. ఒకదాని దగ్గర మాత్రం కాసేపు ఆగుదాం. ఎందుకంటే ఆ కథను చాలామంది తప్పుగా చెబుతున్నారు. నిజంగా జరిగింది దానికంటే ఎంతో బాగుంటుంది.

ముందు 1840. ప్రపంచంలో మొట్టమొదటి తపాలా స్టాంపు, పెన్నీ బ్లాక్, బ్రిటన్‌లో అధికారికంగా చెల్లుబాటులోకి వచ్చింది ఈ రోజే. అంతకుముందు ఉత్తరానికి డబ్బు ఎక్కువగా అందుకున్నవాళ్లే కట్టేవాళ్లు. అదీ దూరాన్ని బట్టి, కాగితాల లెక్కను బట్టి. చేతిలో డబ్బు లేకపోతే తమకు వచ్చిన ఉత్తరమే తిప్పి పంపాల్సి వచ్చేది. రోలండ్ హిల్ అనే ఆయన ఈ పద్ధతి మార్చాలని పట్టుబట్టారు. అర ఔన్సు లోపు ఉత్తరం దేశంలో ఎక్కడికైనా ఒక్క పెన్నీ. ఆ స్టాంపుకు చుట్టూ చిల్లులు లేవు, కత్తెరతో కత్తిరించుకోవాలి. దాని మీద దేశం పేరు కూడా లేదు, రాణి విక్టోరియా బొమ్మ మాత్రమే. ఇప్పటికీ బ్రిటన్ స్టాంపుల మీద దేశం పేరు ఉండదు. ఇంకో సంగతి. నల్ల స్టాంపు మీద ఎర్ర ముద్ర వేసేవాళ్లు. ఆ ఎరుపు తుడిచేసి స్టాంపు మళ్లీ వాడొచ్చని తేలడంతో, ఏడాది తిరక్కుండానే స్టాంపును ఎర్రగా, ముద్రను నల్లగా మార్చేశారు.

1889లో ఇదే రోజు పారిస్‌లో ప్రపంచ ప్రదర్శన మొదలైంది. దాని ద్వారంగా కట్టిందే ఈఫిల్ టవర్. 1994లో ఇదే రోజు ఇంగ్లండ్, ఫ్రాన్స్‌ల మధ్య సముద్రం కింద తవ్విన రైలు సొరంగాన్ని రాణి రెండో ఎలిజబెత్, ఫ్రాన్స్ అధ్యక్షుడు మిత్తెరాఁ కలిసి ప్రారంభించారు. పొడవు 50 కిలోమీటర్ల పైనే, అందులో దాదాపు 38 కిలోమీటర్లు సముద్రం అడుగునే.

1937 మాత్రం విషాదం. జర్మనీ నుంచి బయల్దేరిన హిండెన్‌బర్గ్ అనే 245 మీటర్ల గాలి ఓడ అమెరికాలోని లేక్‌హర్స్ట్‌లో దిగబోతూ మండిపోయింది. మొత్తం కాలి కూలడానికి ఒక్క నిమిషం కూడా పట్టలేదు. లోపల నింపింది హైడ్రోజన్. మండని వాయువు హీలియం అప్పట్లో అమెరికా దగ్గరే ఎక్కువగా ఉండేది, దాన్ని బయటి దేశాలకు ఇవ్వడంపై కట్టడి ఉంది. ఓడలో ఉన్న 97 మందిలో 35 మంది, కింద పనిచేస్తున్న ఒకరు చనిపోయారు. ఆ మంటల ఫిల్మ్ చూసినవాళ్లెవరూ 62 మంది బతికి బయటపడ్డారంటే ఒక పట్టాన నమ్మలేరు.

1944 మే 6న గాంధీజీని అనారోగ్యం కారణంగా పుణేలోని ఆగాఖాన్ ప్యాలెస్ నుంచి విడుదల చేశారు. ఆయన జైలు జీవితంలో అదే ఆఖరిది. ఆయనతో పాటు లోపలికి వెళ్లిన మహదేవ్ దేశాయ్, తర్వాత వచ్చి చేరిన కస్తూర్బా, ఇద్దరూ అక్కడే కన్నుమూశారు. ఇద్దరినీ అక్కడే వదిలి ఆయన బయటికి రావాల్సి వచ్చింది. ఈ తేదీ తలుచుకుంటే నాకు ముందు ఆ ప్యాలెస్ గేటే గుర్తొస్తుంది.

పుట్టినరోజులు చూస్తే 1861లో మోతీలాల్ నెహ్రూ, 1931లో బేస్‌బాల్ దిగ్గజం విల్లీ మేస్. ఆ ఆటలోనే మరో దిగ్గజం బేబ్ రూత్ పెద్ద లీగ్‌లో తన మొదటి హోమ్ రన్, అంటే మన క్రికెట్‌లో సిక్సర్ లాంటిది, కొట్టింది 1915లో ఇదే రోజు. ఇక 1856లో సిగ్మండ్ ఫ్రాయిడ్, మనసు లోతుల గురించి జీవితమంతా తవ్విన మనిషి.

మనసు మాట వచ్చింది కాబట్టి ఇక అసలు కథకు వద్దాం. 1954 మే 6. ఆక్స్‌ఫర్డ్‌లో రోజర్ బానిస్టర్ మైలు దూరాన్ని, అంటే 1609 మీటర్లను, నాలుగు నిమిషాల లోపు పరిగెత్తాడు. చరిత్రలో మొదటివాడు.

మోటివేషన్ క్లాసుల్లో ఇది ఎలా చెబుతారో మీరు వినే ఉంటారు. "అది అసాధ్యమని లోకమంతా నమ్మింది, ఒక్కడు చేసి చూపించగానే ఏడాదిలో పదుల మంది చేసేశారు, అంతా మనసులోనే ఉంది" అని. ఇది తప్పు. ఆ ఏడాదిలో నాలుగు నిమిషాల లోపు పరిగెత్తింది ఇద్దరే. ఒకడు బానిస్టర్, రెండోవాడు ఆస్ట్రేలియాకు చెందిన జాన్ లాండీ. 46 రోజుల తర్వాత ఫిన్లండ్‌లో లాండీ ఆ రికార్డును కూడా బద్దలుకొట్టాడు. మూడోవాడు రావడానికి 1955 మే నెలాఖరు దాకా పట్టింది.

మరి అంతకుముందు రికార్డు అక్కడే ఎందుకు ఆగిపోయింది? రెండో ప్రపంచ యుద్ధ కాలంలో స్వీడన్ తటస్థంగా ఉంది కాబట్టి అక్కడ పోటీలు ఆగలేదు. గుండర్ హేగ్, ఆర్నే ఆండర్సన్ అనే ఇద్దరు ఒకరినొకరు తరుముకుంటూ మూడేళ్లలో రికార్డును దాదాపు ఐదు సెకన్లు తగ్గించారు. 1945లో 4 నిమిషాల 1.4 సెకన్లు. తర్వాత అప్పటి నియమాలకు విరుద్ధంగా డబ్బు తీసుకుని పరిగెత్తారని ఇద్దరినీ నిషేధించారు. మిగతా దేశాలు యుద్ధం నుంచి తేరుకునేసరికి ఏళ్లు గడిచాయి. అడ్డుగోడ మనసులో మాత్రమే లేదు, కాలంలోనూ ఉంది.

బానిస్టర్ అప్పటికి 25 ఏళ్ల మెడిసిన్ విద్యార్థి. 1952 ఒలింపిక్స్ 1500 మీటర్లలో నాలుగో స్థానం, పతకం లేదు. రేసు రోజు పొద్దున కూడా లండన్‌లో హాస్పిటల్‌కే వెళ్లాడు. అక్కడి ల్యాబ్‌లో సానరాయి మీద బూట్ల మేకులు పదును పెట్టుకుని, వాటికి గ్రాఫైట్ పొడి రాశాడు. అప్పటి ట్రాకులు బొగ్గు నుసి పరిచినవి. తడిస్తే ఆ నుసి మేకులకు పట్టుకుని కాళ్లు బరువెక్కుతాయి. తర్వాత రైలెక్కి ఆక్స్‌ఫర్డ్ చేరాడు.

అక్కడ వాన, గాలి. గాలిలో నాలుగు నిమిషాల ప్రయత్నం దండగని అతనికి తెలుసు. దగ్గర్లోని చర్చి మీద జెండా కొట్టుకుంటోంది, దాన్నే చూస్తున్నాడు. పరిగెత్తాలా, ఇంకో రోజుకు వాయిదా వేయాలా అని టెన్షన్. సాయంత్రం ఆరింటికి రేసు అనగా ఆ జెండా కాస్త వాలింది. సరే అన్నాడు.

ముందు పరిగెత్తింది క్రిస్ బ్రాషర్. బానిస్టర్ కోసం వేగం నిలబెట్టడమే అతని పని. నాలుగు రౌండ్ల రేసు. మొదటి రౌండ్‌లో వెనక నుంచి బానిస్టర్ "ఇంకా వేగంగా!" అని అరిచాడు. బ్రాషర్ పట్టించుకోకుండా తన లెక్కలోనే పోయాడు. 57.5 సెకన్లు, సరిగ్గా కావాల్సినంత. ఆ మాట విని వేగం పెంచి ఉంటే ఇద్దరూ చివర్లో చతికిలపడేవాళ్లని నేను గట్టిగా నమ్ముతాను. బ్రాషర్ అలసిపోయాక క్రిస్ చటావే ముందుకొచ్చాడు. మూడు రౌండ్లకు 3 నిమిషాల 0.5 సెకన్లు. ఆఖరి రౌండ్ 59 సెకన్లకు కాస్త అటూ ఇటూగా పూర్తి చేయాలి. ఆ రౌండ్‌లో బానిస్టర్ చటావేను దాటి, ఉన్న ఊపిరంతా పెట్టేసి, గీత దాటగానే జనం చేతుల్లో కూలిపోయాడు.

రికార్డు పుస్తకంలో ఒక్క పేరే ఉంటుంది. నాకైతే అది మూడు పేర్ల రికార్డు. బ్రాషర్ 1956లో స్టీపుల్‌చేజ్‌లో, అంటే అడ్డంకులు దూకుతూ పరిగెత్తే పోటీలో, ఒలింపిక్ స్వర్ణం గెలిచాడు. చటావే అదే 1954 అక్టోబర్‌లో 5000 మీటర్ల ప్రపంచ రికార్డు సాధించాడు. బానిస్టర్ ఆ ఏడాదే పరుగు ఆపేసి నరాల వైద్యుడయ్యాడు.

ఆ సాయంత్రం మైకు దగ్గర ఉన్నది నోరిస్ మెక్‌విర్టర్. ఫలితం చేతికి అందినా తొందరపడలేదు. ఈవెంట్ నంబర్, విజేత పేరు, ఇది మైదానం రికార్డు, బ్రిటన్ రికార్డు, యూరప్ రికార్డు, ప్రపంచ రికార్డు అంటూ సాగదీశాడు. "సమయం... మూడు..." అన్నాడు. తర్వాతి అంకెలు జనం అరుపుల్లో ఎవరికీ వినపడలేదు. అవి 59.4.