గ్లూకోమీటర్ చూపే అంకెను ఎంతవరకు నమ్మవచ్చు?

[దృశ్యం: అనంతపురంలోని ఒక ఇల్లు. బల్ల మీద గ్లూకోమీటర్‌లో 172. పక్కనే ల్యాబ్ రిపోర్టులో 158.]

వ్యాఖ్యానం: పరగడుపున, ఒకే సమయంలో చేసిన రెండు పరీక్షలివి. ఇంత తేడా కనిపించగానే మీటర్ పాడైందని చాలామంది దాన్ని పక్కన పెట్టేస్తారు. నిజానికి ఇది అనుమతించిన హద్దులోనే ఉంది. గ్లూకోమీటర్ల కచ్చితత్వానికి అంతర్జాతీయ ప్రమాణమైన 2013 నాటి ఐఎస్ఓ 15197 ప్రకారం, షుగర్ డెసిలీటరుకు 100 మిల్లీగ్రాములు లేదా అంతకు మించి ఉన్నప్పుడు నూటికి 95 ఫలితాలు ల్యాబ్ విలువకు 15 శాతం అటూ ఇటూగా ఉంటే చాలు. 100 లోపు ఉన్నప్పుడు ఆ తేడా 15 మిల్లీగ్రాములు దాటకూడదు. అంటే అసలు విలువ 200 ఉన్నవారికి మీటర్ 170 చూపినా, 230 చూపినా ప్రమాణం తప్పినట్లు కాదు.

షుగర్ బాగా తగ్గినప్పుడు మాత్రం ఈ వెసులుబాటే ప్రమాదం కావచ్చు. అసలు విలువ 65 ఉండగా మీటర్ 78 చూపితే, ఇన్సులిన్ గానీ, షుగర్ తగ్గించే గ్లిమెపిరైడ్ వంటి మాత్రలు గానీ వాడేవారు ఫరవాలేదనుకుని ఊరుకుంటారు. చెమటలు, వణుకు, గుండెదడ ఉంటే అంకె కన్నా ఒంటిని నమ్మి, 15 గ్రాముల గ్లూకోజ్ నీళ్లలో కలుపుకుని తాగి, 15 నిమిషాల తర్వాత మళ్లీ పరీక్షించుకోవాలి.

[దృశ్యం: చీనీకాయ ఒలుస్తున్న చేతులు.]

మన జిల్లాలో ఇంటింటా కనిపించే చీనీకాయ ఒలిచి, చేతులు కడుక్కోకుండా వేలు గుచ్చుకుంటే, వేలికంటిన పండు తీపి కూడా రక్తపు చుక్కలో కలిసి అంకె ఎక్కువగా వస్తుంది. స్పిరిట్ దూదితో తుడిస్తే ఆ తీపి పూర్తిగా పోకపోవచ్చు. సబ్బుతో కడిగి, తడి లేకుండా ఆరబెట్టుకోవడమే సరైన పద్ధతి.

ఇక ఎండ సంగతి. మీటర్‌లో పెట్టే స్ట్రిప్ మీద, షుగర్ కొలవడానికి తోడ్పడే ఎంజైమ్ వేడికీ తేమకూ చెడిపోతుంది. చాలా కంపెనీలు స్ట్రిప్పులను 30 డిగ్రీల లోపు ఉంచమంటాయి. మే నెలలో కర్నూలు, కడప, అనంతపురాలలో ఎండ 40 దాటుతుంది. డబ్బాను బండి డిక్కీలో మరిచిపోతే, గడువు తేదీ ఇంకా ఉన్నా ఆ స్ట్రిప్పులను నమ్మలేము.

వీటన్నిటికన్నా తక్కువగా చర్చకు వచ్చేది రక్తహీనత. ఎర్ర రక్తకణాలు తగ్గినవారికి చాలా మీటర్లు ఉన్నదానికన్నా ఎక్కువ షుగర్ చూపుతాయి. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15–49 ఏళ్ల స్త్రీలలో 57 శాతం మందికి రక్తహీనత ఉంది కాబట్టి, ఆ అంకెను బట్టి మందు మోతాదు పెంచే ముందు హిమోగ్లోబిన్ కూడా చూడమని డాక్టరును అడగడం మంచిది.

[దృశ్యం: ల్యాబ్‌లో చేతి నరం నుంచి రక్తం తీస్తున్నారు.]

మీటర్‌ను పరీక్షించాలంటే దాన్ని ల్యాబ్‌కే తీసుకువెళ్లి, పరగడుపున, నరం నుంచి రక్తం తీసిన వెంటనే వేలి చుక్కతో చూసుకోవాలి. పరగడుపునే ఎందుకంటే, భోజనం తర్వాత వేలి రక్తంలో షుగర్ నరంలోకన్నా సహజంగానే ఎక్కువగా ఉంటుంది. ల్యాబ్ అంకె కూడా ప్రతిసారీ వేదవాక్కు కాదు: రక్తాన్ని సరైన గొట్టంలో తీసి, అందులోని కణాలను వెంటనే వేరుచేయకపోతే, ఆ కణాలే గ్లూకోజ్‌ను గంటకు 5 నుంచి 7 శాతం చొప్పున తినేస్తాయి. ఊళ్లో తీసిన నమూనా పట్టణం చేరేసరికి అంకె తగ్గిపోవచ్చు.

ఇంత జాగ్రత్తగా పోల్చినా తేడా పదేపదే 15 శాతం దాటుతుంటే, కొత్త స్ట్రిప్పుల డబ్బా తెరిచి, కంపెనీ కంట్రోల్ ద్రావణంతో (గ్లూకోజ్ ఎంతుందో ముందే తెలిసిన ద్రవంతో) చూడండి; అప్పటికీ ఫలితం డబ్బాపై ముద్రించిన హద్దుల్లోకి రాకపోతే మీటర్ మార్చండి.