బిల్లు కౌంటరుకు ఏ రీడర్? (ఫోన్-ఇన్ కార్యక్రమం)

వ్యాఖ్యాత: నమస్కారం. ఈ వారం ఫోన్-ఇన్‌లో విషయం బార్‌కోడ్ రీడర్లు, కార్డు గీసే రీడర్లు. దుకాణాల్లో, గ్రంథాలయాల్లో ఈ పరికరాలు అమర్చే ఇంజినీరు గారు స్టూడియోలో ఉన్నారు. కాల్స్ అప్పుడే వరసకట్టాయి కాబట్టి ఉపోద్ఘాతం మానేద్దాం. తెనాలి నుంచి మొదటి కాల్. చెప్పండమ్మా.

శ్రోత (తెనాలి): నమస్కారమండీ. మాది కిరాణా దుకాణం. ఇన్నాళ్లూ చేతి బిల్లే. ఈమధ్యే కంప్యూటర్ పెట్టాం. స్కానర్ కోసం వెళితే లేజర్ ఒకటి, సీసీడీ ఒకటి, ఇమేజర్ ఒకటి ముందుపెట్టి, ఏది కావాలో మీ ఇష్టం అన్నారు. అసలు తేడా తెలిస్తే కదండీ ఇష్టం చెప్పడానికి!

ఇంజినీరు: బాగా అడిగారు. ముందు నాకో సంగతి చెప్పండి. మీ సరుకులో కంపెనీ ప్యాకెట్లు ఎన్ని, మీరే తూచి కట్టేవి ఎన్ని?

శ్రోత: సగం సగం ఉంటాయండీ. పప్పులు, బెల్లం, చింతపండు మేమే కడతాం.

ఇంజినీరు: సరే. లేజర్ స్కానర్‌లో ఒక ఎర్రని కాంతి చుక్క, లోపల ఊగే అద్దం వల్ల, వేగంగా అటూ ఇటూ తిరుగుతూ గీతలా కనబడుతుంది. నల్ల గీతల నుంచి తక్కువ, తెల్ల సందుల నుంచి ఎక్కువ వెలుతురు తిరిగొస్తుంది. ఆ తేడాను బట్టి నంబరు చదువుతుంది. సబ్బులు, బిస్కెట్ల మీద ఉండే నిలువు గీతల కోడ్‌కు అది చాలు. సీసీడీ చదివేదీ ఆ గీతలనే. లోపల ఊగే అద్దం లేదు కాబట్టి కింద పడ్డా తట్టుకుంటుంది, కానీ చాలా రకాలను ప్యాకెట్‌కు బాగా దగ్గరగా పెట్టాలి. ఇమేజర్‌లో ఉన్నది చిన్న కెమెరా. కోడ్‌ను ఫొటో తీసి చదువుతుంది. ప్యాకెట్ తలకిందులుగా చూపినా, అడ్డంగా చూపినా దానికి పట్టింపు లేదు. క్యూఆర్ లాంటి చదరపు కోడ్‌లనూ, ఫోన్ తెర మీది కోడ్‌లనూ అది చదవగలదు. లేజర్‌కు ఆ రెండూ కుదరవు. ఇప్పుడు కొత్తగా కొనేవారికి నేను ఇమేజరే చెబుతాను.

శ్రోత: దాని ధరే ఎక్కువ చెప్పారండీ.

ఇంజినీరు: ఎక్కువే. డబ్బు మిగుల్చుకోవాలంటే వైర్‌లెస్ దగ్గర మిగుల్చుకోండి. మీ స్కానర్ కౌంటర్ దాటి బయటకు వెళ్లేది కాదు. యూఎస్‌బీ తీగ ఉన్నది తీసుకుంటే ఛార్జింగు బాధ ఉండదు, ఎవరి జేబులోనో ఇంటికి వెళ్లిపోయే బెడదా ఉండదు. ఆ మిగిలిన డబ్బులో స్టాండ్ కొనండి. స్టాండ్‌లో ఉంచి దాని ముందు ప్యాకెట్ చూపితే చాలు, మీట నొక్కే పని లేదు.

శ్రోత: మేం కట్టే పప్పులకు కోడ్ ఎలాగండీ? వాటికి కూడా 890తో మొదలవ్వాలంటారు.

ఇంజినీరు: అక్కర్లేదమ్మా. 890 అంటే ఆ నంబరును, బార్‌కోడ్ నంబర్లు కేటాయించే జీఎస్1 ఇండియా సంస్థ ఇచ్చిందని మాత్రమే అర్థం. సరుకు ఇక్కడే తయారైందనడానికి కూడా అది రుజువు కాదు. దుకాణం లోపలే వాడుకునే కోడ్‌ల కోసం 20 నుంచి 29 వరకు మొదలయ్యే నంబర్లను విడిగా వదిలిపెట్టారు. లేబుల్ అచ్చువేసే కాటా కొంటే అది సరుకు నంబరునూ బరువునూ కలిపి ఆ కోడ్‌లోనే ఇమిడ్చి ఇస్తుంది. అయితే ఆ పదమూడు అంకెల్లో ఏవి సరుకువో ఏవి బరువువో మీ బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌కు తెలియాలి. స్కానర్ కొనేముందు సాఫ్ట్‌వేర్ ఇచ్చినవాళ్లను అడగాల్సిన మొదటి ప్రశ్న ఇదే.

వ్యాఖ్యాత: లేబుల్ సైజు విషయంలో జాగ్రత్తలు ఏమైనా ఉన్నాయా?

ఇంజినీరు: ఉన్నాయి. ఆ పదమూడు అంకెల కోడ్ మామూలు వెడల్పు, రెండు పక్కల ఖాళీతో కలిపి, సుమారు 37 మిల్లీమీటర్లు. చిన్నది చేసినా ఆ కొలతలో 80 శాతానికి తగ్గకూడదు. అంతకంటే కుదించి, పక్క ఖాళీలో దుకాణం పేరు ఇరికిస్తే ఎంత ఖరీదైన స్కానరైనా మొరాయిస్తుంది. ఎర్ర సిరాతో గీతలు అచ్చు వేయించవద్దు. చాలా స్కానర్ల వెలుతురు ఎరుపే కాబట్టి ఆ గీతలు వాటి కంటికి తెల్లగానే కనబడతాయి. ఇంకొకటి, స్కానర్ కొనడానికి వెళ్లేటప్పుడు మీ దుకాణంలో బాగా నలిగిన ప్యాకెట్ ఒకటి, మెరిసే కవరు ఒకటి, మీ సొంత లేబుల్ ఒకటి సంచిలో వేసుకు వెళ్లండి. షాపులో వాళ్లు చూపే నున్నటి కాగితాన్ని ఏ స్కానరైనా చదువుతుంది.

వ్యాఖ్యాత: కరీంనగర్ నుంచి తర్వాతి కాల్.

శ్రోత (కరీంనగర్): సార్, నేను పాఠశాల ఆఫీసులో పనిచేస్తాను. పిల్లల గుర్తింపు కార్డు స్కాన్ చేస్తే అంకెలు సరిగ్గా వస్తున్నాయి కానీ ఇంగ్లిషు అక్షరాల చోట తెలుగు అక్షరాలు పడుతున్నాయి. స్కానర్ పాడైందని వెనక్కి పంపమంటున్నారు.

ఇంజినీరు: (నవ్వు) పంపకండి బాబూ. ఆ కంప్యూటర్‌లో తెలుగు టైపింగ్ చేస్తారా?

శ్రోత: అవును సార్, సర్క్యులర్లన్నీ దానిలోనే.

ఇంజినీరు: అదే కారణం. మీ స్కానర్ కంప్యూటర్‌కు తాను కీబోర్డునని చెప్పుకుంటుంది. ఫలానా మీట నొక్కానని మాత్రమే పంపుతుంది. ఆ సమయంలో కీబోర్డు భాష తెలుగులో ఉంటే ఆ మీటకు తెలుగు అక్షరమే పడుతుంది. భాషను ఇంగ్లిషుకు మార్చి మళ్లీ స్కాన్ చేయండి. మాటిమాటికీ మార్చడం కష్టమనిపిస్తే, స్కానర్‌తో వచ్చిన చిన్న పుస్తకంలో కీబోర్డు భాషతో సంబంధం లేకుండా అక్షరాలు పంపే సెట్టింగ్ ఉందేమో చూడండి. ఉంటే ఆ పేజీలో బార్‌కోడ్ ఒకటి ఉంటుంది, దాన్ని ఒకసారి స్కాన్ చేస్తే సరి. స్కాన్ అయ్యాక ఎంటర్ దానంతటదే పడాలన్నా అదే పుస్తకం. ఎక్సెల్‌లో ఎక్కిస్తున్నారా?

శ్రోత: అవును సార్. ముందున్న సున్నాలు ఎగిరిపోతున్నాయి కూడా.

ఇంజినీరు: ఆ నేరం ఎక్సెల్‌ది. స్కాన్ మొదలుపెట్టే ముందే ఆ నిలువు వరసను టెక్స్ట్‌గా మార్చుకోండి. సున్నాలు పోయాక మారిస్తే తిరిగి రావు.

వ్యాఖ్యాత: ఖమ్మం నుంచి మందుల దుకాణం యజమాని.

శ్రోత (ఖమ్మం): నమస్కారం. మందుల పెట్టెల మీద ఇప్పుడు చదరపు కోడ్‌లు వస్తున్నాయి కదా. నా దగ్గర పాత లేజర్ ఉంది, అది చదవడం లేదు. ఇమేజర్ కొంటే బ్యాచ్ నంబరు, గడువు తేదీ వాటంతటవే బిల్లులోకి వచ్చేస్తాయా?

ఇంజినీరు: వచ్చేస్తాయని అమ్మేవాళ్లు చెబుతారు. నేను చెప్పను. 2023 ఆగస్టు 1 నుంచి మూడు వందల మందుల బ్రాండ్ల మీద క్యూఆర్ లేదా బార్‌కోడ్ తప్పనిసరి అయింది. బ్యాచ్, తయారీ తేదీ, గడువు తేదీ అందులో ఉండాలి. కానీ అన్ని కంపెనీల కోడ్‌లూ ఒకే తీరుగా రాసి ఉండవు. స్కానర్ ఉన్నదున్నట్టు చదివి కంప్యూటర్‌లో పోస్తుంది. అందులోంచి గడువు తేదీని వెతికి తీసుకోవలసింది సాఫ్ట్‌వేరే.

శ్రోత: జీఎస్1 పద్ధతిలో ఉన్నవాటికైనా పనిచేస్తుందా?

ఇంజినీరు: వాటికి నయం. అందులో 17 అనే గుర్తు తర్వాత ఆరంకెలు గడువు తేదీ. ముందు సంవత్సరం, తర్వాత నెల, తర్వాత రోజు. 10 అనే గుర్తు తర్వాత బ్యాచ్ నంబరు. చిక్కల్లా బ్యాచ్ దగ్గరే, ఎందుకంటే దాని పొడవు ఒక్కో కంపెనీకి ఒక్కోలా ఉంటుంది. అది ఎక్కడ ముగిసిందో చెప్పడానికి కంటికి కనిపించని ఒక గుర్తు పెడతారు. కీబోర్డు పద్ధతిలో పంపేటప్పుడు కొన్ని స్కానర్లు ఆ గుర్తును మింగేస్తాయి. అప్పుడు బ్యాచ్ నంబరు, దాని వెనకున్న సీరియల్ నంబరు ఒకే ముద్దగా వచ్చిపడతాయి. అందుకే మీరు కొనే స్కానర్‌కు యూఎస్‌బీలోనే సీరియల్ పోర్టు పద్ధతి కూడా ఉండాలి, అంటే మీటలు నొక్కినట్టు కాకుండా చదివినదాన్ని నేరుగా సాఫ్ట్‌వేర్‌కు పంపే పద్ధతి. మీ సాఫ్ట్‌వేర్ దాన్ని అందుకోగలదో లేదో కనుక్కోండి. ఇంకో మాట. మందుల పెట్టెల మీద కోడ్ చాలా చిన్నది. సన్నని కోడ్‌లు చదివే రకం కావాలని గట్టిగా అడగండి. కిరాణా కొట్టుకు చాలినది మీకు చాలకపోవచ్చు.

వ్యాఖ్యాత: ఇక కార్డుల వైపు వద్దాం. అనంతపురం నుంచి కళాశాల గ్రంథపాలకురాలు.

శ్రోత (అనంతపురం): నమస్తే అండీ. మా సభ్యత్వ కార్డుల వెనక నల్ల మాగ్నెటిక్ పట్టీ ఉంటుంది. ఈమధ్య చాలా కార్డులు గీస్తే చదవడం లేదు. రీడర్ మార్చాలా, కార్డులు మార్చాలా? కొత్తదానిలో ఒక ట్రాక్, రెండు ట్రాకులు, మూడు ట్రాకులు అని రకాలు చెబుతున్నారు.

ఇంజినీరు: బీరువాలో ఎవరికీ ఇవ్వని కార్డులు మిగిలి ఉన్నాయా అమ్మా, లోపల నంబరు రాసి ఉన్నవి?

శ్రోత: కొన్ని ఉన్నాయండీ.

ఇంజినీరు: అవి గీయండి. అవీ చదవకపోతే తప్పు రీడర్‌ది. శుభ్రం చేసే కార్డు దొరుకుతుంది, దాన్ని కొన్నిసార్లు గీస్తే లోపల పట్టీని చదివే హెడ్ మీద పేరుకున్న మురికి పోతుంది. అప్పటికీ చదవకపోతే హెడ్ అరిగిందన్నమాట. కొత్త కార్డులు చదివి పాతవే మొరాయిస్తుంటే పట్టీలు బలహీనపడ్డాయి. మీవి బహుశా లో-కో కార్డులు, అంటే పట్టీ తేలిగ్గా చెరిగిపోయే రకం; గట్టి రకాన్ని హై-కో అంటారు. అయస్కాంత కొలతలో చెప్పాలంటే మామూలుగా లో-కో పట్టీ 300 ఓర్‌స్టెడ్, హై-కో పట్టీ 2750 లేదా 4000. ఆ అంకె పెద్దదైనకొద్దీ చెరపడం కష్టం. లో-కో పట్టీని ఫోన్ కవరు అయస్కాంతం కూడా పాడుచేయగలదు.

శ్రోత: అయితే హై-కో చదివే రీడర్ కొనాలా?

ఇంజినీరు: ఇక్కడే చాలామంది డబ్బు పోగొట్టుకుంటారు. ఆ తేడా పట్టీ మీద రాసే యంత్రానికే. చదివే రీడర్‌కు రెండూ ఒకటే. మీరు చూడాల్సింది ట్రాక్, అంటే పట్టీలో సమాచారం రాసే వరస. మొదటి ట్రాక్‌లో అక్షరాలూ అంకెలూ కలిపి 79 పడతాయి, రెండోదానిలో అంకెలు 40, మూడోదానిలో అంకెలు 107. నోట్‌ప్యాడ్ తెరిచి బాగున్న కార్డు ఒకటి గీయండి. శాతం గుర్తుతో మొదలైతే మొదటి ట్రాక్. సెమీకోలన్‌తో మొదలైతే సాధారణంగా రెండోది. నంబరు ఎక్కడుందో ఆ ట్రాక్ చదివేది చాలు, మూడింటికీ డబ్బు పెట్టనక్కర్లేదు. మీ పాత రీడర్‌కు గుండ్రటి పిన్ను ఉందా?

శ్రోత: ఉందండీ. కొత్త కంప్యూటర్లకు ఆ రంధ్రమే లేదు!

ఇంజినీరు: అయితే ఎలాగూ మార్చాలి. యూఎస్‌బీది, కీబోర్డు పద్ధతిలో పనిచేసేది ఒక్కటి కొనండి, అదీ పాత కార్డులు నడిచినన్నాళ్ల కోసమే. కొత్త విద్యార్థులకు పట్టీ కార్డులు ఇవ్వకండి. ఫొటో ఉన్న కార్డు మీద అదే సభ్యత్వ నంబరును బార్‌కోడ్‌గా అచ్చు వేయించండి. పుస్తకాలు స్కాన్ చేసే స్కానర్ మీ దగ్గర ఉండే ఉంటుంది, అదే సరిపోతుంది.

శ్రోత: బార్‌కోడ్‌ను ఎవరైనా జిరాక్స్ తీసుకుంటే?

ఇంజినీరు: తీసుకోవచ్చు. పట్టీని నకలు తీసే యంత్రాలూ చవకే. పుస్తకం ఇచ్చేటప్పుడు మీరు ఫొటోతో ముఖం పోల్చి చూస్తారు కాబట్టి పరవాలేదు. మనిషి కాపలా లేని తలుపు తెరవడానికి మాత్రం ఈ రెండూ పనికిరావు. దానికి చిప్ కార్డే.

వ్యాఖ్యాత: కాకినాడ నుంచి ఒక శ్రోత, క్లుప్తంగా.

శ్రోత (కాకినాడ): సార్, నాది బట్టల దుకాణం. అలాంటి గీసే రీడరే కొని కస్టమర్ల బ్యాంకు కార్డులు గీసి, వివరాలు నా కంప్యూటర్‌లో పెట్టుకుంటే...

ఇంజినీరు: వద్దు.

శ్రోత: పాయింట్లు ఇవ్వడానికే సార్.

ఇంజినీరు: అయినా వద్దు. పట్టీలోని సమాచారం దాచుకోవడానికి కార్డు భద్రతా ప్రమాణాలు ఒప్పుకోవు. 2022 అక్టోబరు నుంచి ఆన్‌లైన్ వ్యాపారులు కూడా కార్డు నంబర్లు దాచుకోకూడదని రిజర్వు బ్యాంకు ఆపేసింది. పట్టీ మాత్రమే ఉన్న కార్డులను 2018 చివరికల్లా చిప్ కార్డులుగా మార్చమంది కూడా. 2033 తర్వాత తమ కార్డుల మీద పట్టీయే ఉండదని మాస్టర్‌కార్డ్ ప్రకటించింది. పోయేదాని మీద పెట్టుబడి ఎందుకు? డబ్బు తీసుకోవడానికి బ్యాంకు ఇచ్చే యంత్రం వాడండి. పాయింట్లకు ఫోన్ నంబరు అడగండి, దానికి ఏ రీడరూ అక్కర్లేదు.

వ్యాఖ్యాత: చివరి కాల్, గుంటూరు నుంచి.

శ్రోత (గుంటూరు): మాది మిర్చి కోల్డ్ స్టోరేజీ అండీ. టిక్కీలకు, అంటే మిర్చి బస్తాలకు, బార్‌కోడ్ ట్యాగులు కట్టాలని అనుకుంటున్నాం. బ్లూటూత్ స్కానర్ తెచ్చి చూశాం. చలి గది లోపలికి వెళితే కంప్యూటర్‌తో సంబంధం తెగిపోతోంది.

ఇంజినీరు: తెగుతుంది. మామూలు బ్లూటూత్ ఎదురుగా అడ్డేమీ లేకపోతే పది మీటర్లు. మీ గోడల్లో రేకు, మందపాటి ఇన్సులేషన్ ఉంటాయి. మీకు కావలసింది మెమొరీ ఉన్న స్కానర్. లోపల చదివినవన్నీ దాచుకుని బయటకు రాగానే కంప్యూటర్‌లోకి పంపుతుంది. మీ ట్యాగు ఎంత ఉంది?

శ్రోత: అగ్గిపెట్టె అంత ఉంటుందండీ. పైవరస టిక్కీలకు నిచ్చెన వేయాల్సి వస్తోంది.

ఇంజినీరు: ట్యాగు పెంచండి. కిరాణా ప్యాకెట్ మీద అన్నిటికంటే సన్నని గీత వెడల్పు 0.33 మిల్లీమీటర్లు. దాన్ని చేతి దూరం నుంచే చదవగలం. రెండు మూడు మీటర్ల నుంచి చదవాలంటే సన్న గీతే దానికంటే బాగా లావుగా ఉండాలి, స్కానర్ కూడా దూరం నుంచి చదివే రకం కావాలి. ఈ రెండిట్లో ఏది లేకపోయినా నిచ్చెన తప్పదు. కోడ్‌లో రైతు పేరు, ఊరు అన్నీ కుక్కకండి. టిక్కీ నంబరు ఒక్కటే పెట్టి మిగతావి కంప్యూటర్‌లో ఉంచితే గీతలు తగ్గి కోడ్ లావుగా వస్తుంది.

శ్రోత: కాగితం ట్యాగులు మెత్తబడిపోతున్నాయండీ.

ఇంజినీరు: ప్లాస్టిక్ ట్యాగు తీసుకుని రెజిన్ రకం సిరా రిబ్బనుతో అచ్చు వేయించండి. అంటించవద్దు, కుట్టులో కలిపి కట్టండి. చలి గదిలోంచి ఎండలోకి రాగానే స్కానర్ అద్దానికి ఆవిరి పడుతుంది. తుడిచి వాడాలి. మిరప దుమ్ము లోపలికి పోకుండా ఐపీ65 అని రాసి ఉన్నది కొనండి. చలికి బ్యాటరీ త్వరగా దిగిపోతుంది, కాబట్టి ఊడదీసి మార్చుకునే బ్యాటరీ ఉండాలి. జత బ్యాటరీ స్కానర్‌తో పాటే కొనేయండి, తర్వాత ఆ మోడల్‌కు దొరకకపోవచ్చు.

వ్యాఖ్యాత: సమయం అయిపోయింది. లైన్‌లో మిగిలిన శ్రోతల ప్రశ్నలు రాసుకున్నాం, వచ్చే వారం వాటితోనే మొదలుపెడతాం. ఇంజినీరు గారికి ధన్యవాదాలు.