పాడ్‌కాస్ట్ శ్రోతలు తగ్గుతున్నారా? ముందు లెక్క చూద్దాం, తర్వాత షో చూద్దాం

[స్క్రీన్ మీద: మెల్లగా కిందికి వంగుతున్న గ్రాఫ్]

పాడ్‌కాస్ట్ నడిపేవాళ్ళలో చాలామందికి ఏదో ఒక నెలలో ఈ గీత ఎదురవుతుంది. డౌన్‌లోడ్లు తగ్గుతుంటాయి. వారం వారం ఇంకాస్త తగ్గుతాయి. టెన్షన్ మొదలవుతుంది. వెంటనే కవర్ ఆర్ట్ మార్చేస్తారు, కొత్త మైక్ కొంటారు, వారానికి ఒక ఎపిసోడ్ వేసేవాళ్ళు రెండు వేయడం మొదలుపెడతారు. వీటిలో ఏదో ఒకటి పనిచేయొచ్చు కూడా. కానీ ఎందుకు తగ్గిందో తెలియకుండా చేస్తే, ఫలితం వచ్చినా ఏ పని వల్ల వచ్చిందో తెలియదు. రాకపోతే ఓపిక అయిపోతుంది. బాగా చేస్తున్న షోలు ఎన్నో ఇలాగే ఆగిపోతాయి. నాకు అది చాలా బాధగా అనిపిస్తుంది, ఎందుకంటే వాటిలో కొన్ని అసలు శ్రోతల్ని పోగొట్టుకోనేలేదు.

అందుకే మొదటి ప్రశ్న ఇది: తగ్గింది వినేవాళ్ళా, లెక్కా?

[స్క్రీన్ మీద: సర్వర్ నుంచి ఫోన్‌కి వెళ్తున్న ఆడియో ఫైల్]

డౌన్‌లోడ్ అంటే ఒక యాప్ మీ ఎపిసోడ్లు నిల్వ ఉండే హోస్టింగ్ సర్వర్‌ని అడిగి ఆడియో ఫైల్ తీసుకుందని అర్థం. దీన్ని ఎలా లెక్కపెట్టాలో ఐఏబీ అనే ఆన్‌లైన్ ప్రకటనల పరిశ్రమ సంస్థ నియమాలు పెట్టింది. ఒకే ఐపీ అడ్రస్ (ఇంటర్నెట్ కనెక్షన్ చిరునామా) నుంచి ఒకే యాప్ 24 గంటల్లో ఎన్నిసార్లు అడిగినా ఒకటిగానే లెక్క. కనీసం ఒక నిమిషం వినడానికి సరిపడా ఫైల్ వెళ్ళి ఉండాలి. బాట్ల నుంచి, అంటే మనిషి లేకుండా తమంతట తామే అడిగే ప్రోగ్రామ్‌ల నుంచి వచ్చినవి తీసేయాలి. అక్కడితో సర్వర్ పని అయిపోయింది. ఆ తర్వాత ఆ మనిషి ప్లే నొక్కాడా, ఫైల్ ఫోన్‌లోనే పడి ఉందా అన్నది దానికి తెలిసే దారి లేదు.

దీనివల్ల ఎంత తేడా వస్తుందో 2023 సెప్టెంబర్‌లో అందరికీ తెలిసొచ్చింది. ఆ నెల ఐఫోన్ సాఫ్ట్‌వేర్ కొత్త వెర్షన్ ఐఓఎస్ 17 వచ్చింది. అంతకుముందు ఆపిల్ పాడ్‌కాస్ట్స్ యాప్ ఎలా నడిచేదంటే, మీరు ఫాలో అవుతున్న షోని కొన్నాళ్ళు వినకపోతే ఆటోమేటిక్ డౌన్‌లోడ్లు ఆపేసేది. మళ్ళీ ఎప్పుడో ఒక ఎపిసోడ్ ప్లే చేస్తే, మధ్యలో వదిలేసినవన్నీ ఒక్కసారిగా దింపేసేది. రోజూ వచ్చే షో అయితే, రెండు నెలల తర్వాత తిరిగొచ్చిన ఒక్క మనిషి వల్ల పదుల కొద్దీ డౌన్‌లోడ్లు నమోదయ్యేవి. అతను విన్నది మాత్రం ఒక్క ఎపిసోడే. ఐఓఎస్ 17 నుంచి ఆ పాత బాకీ దింపడం ఆపేశారు, తిరిగొచ్చిన దగ్గర్నుంచి కొత్తవి మాత్రమే వస్తాయి. ఎక్కువ దెబ్బ తిన్నవి తరచుగా ఎపిసోడ్లు వేసే పాత షోలు. గ్రాఫ్ చూస్తే జనం పారిపోయినట్టే ఉంది. వినే సమయం చూస్తే అలాంటిదేమీ లేదు.

యాప్‌లు మారినప్పుడూ ఇంతే. గూగుల్ పాడ్‌కాస్ట్స్‌ని 2024లో మూసేశారు. అందులో వినేవాళ్ళలో కొందరు వేరే యాప్‌కి వెళ్ళారు, కొందరు ఎక్కడికీ వెళ్ళలేదు. యూట్యూబ్ సంగతి ఇంకా ముఖ్యం. నెలకి వంద కోట్ల మంది తమ దగ్గర పాడ్‌కాస్ట్‌లు చూస్తున్నారని, వింటున్నారని 2025 ఫిబ్రవరిలో ఆ సంస్థ ప్రకటించింది. మీ ఆర్‌ఎస్‌ఎస్ ఫీడ్‌ని (కొత్త ఎపిసోడ్లని యాప్‌లకి చేరవేసే జాబితా) యూట్యూబ్‌కి ఇస్తే, అది ఆడియోని ఒకసారి కాపీ చేసుకుని తన దగ్గర నుంచే వినిపిస్తుంది. ఆ ప్లేలు మీ హోస్టింగ్ డ్యాష్‌బోర్డ్‌లోకి రావు. స్పాటిఫైలో నేరుగా వీడియో ఎపిసోడ్ పెట్టినా అంతే, అక్కడి ప్లేలు అక్కడే ఉంటాయి. అంటే మీ శ్రోత నిన్న ఒక యాప్‌లో విని, ఇవాళ యూట్యూబ్‌లో వింటుంటే, మీ గ్రాఫ్‌లో మాత్రం అతను మాయమైపోయినట్టు కనిపిస్తాడు.

కాబట్టి హోస్టింగ్ డ్యాష్‌బోర్డ్‌లో యాప్‌ల వారీగా విడగొట్టి చూడండి. ఒక్క యాప్‌లోనే పడిపోయి మిగతావి నిలకడగా ఉంటే, కారణం ఆ యాప్‌లో ఉంది. ఆ మధ్య హోస్టింగ్ మార్చి ఉంటే, పాత ఫీడ్ అడ్రస్ నుంచి కొత్తదానికి 301 రీడైరెక్ట్ (పాత అడ్రస్‌కి వచ్చే యాప్‌లని కొత్తదానికి శాశ్వతంగా మళ్ళించే ఏర్పాటు) సరిగ్గా ఉందో లేదో చూసుకోండి. అది లేకపోతే పాత ఫాలోవర్లకి కొత్త ఎపిసోడ్ వచ్చిందనే తెలియదు.

ఇంకొక్క మాట. నెల మొత్తం డౌన్‌లోడ్లని పోల్చకండి. ఒక నెలలో ఐదు ఎపిసోడ్లు వేసి ఇంకో నెలలో నాలుగు వేస్తే ఎలాగూ తగ్గుతుంది. ప్రతి ఎపిసోడ్‌కీ విడుదలైన మొదటి ఏడు రోజుల్లో వచ్చిన సంఖ్య తీసుకుని, వాటిని వరసగా పెట్టి చూడండి. నన్నడిగితే పాడ్‌కాస్ట్ లెక్కల్లో అసలు పరిస్థితికి అన్నిటికంటే దగ్గరగా ఉండేది ఇదే.

[స్క్రీన్ మీద: రెండు తలుపుల బొమ్మ. ఒకదాని మీద "రావడం", ఇంకోదాని మీద "వెళ్ళడం"]

సరే, ఇవన్నీ చూశారు. అన్ని యాప్‌లలోనూ తగ్గింది, ఏడు రోజుల లెక్కలోనూ తగ్గింది. అంటే నిజంగానే తగ్గింది. ఇప్పుడు రెండో ప్రశ్న: పాతవాళ్ళు వెళ్ళిపోతున్నారా, కొత్తవాళ్ళు రావట్లేదా?

గ్రాఫ్‌లో రెండూ ఒకేలా కనిపిస్తాయి. చేయాల్సిన పని మాత్రం పూర్తిగా వేరు. ఎంత మంచి షో అయినా ప్రతి నెలా కొందరు జారిపోతారు. ఉద్యోగం మారుతుంది, రోజూ చేసే ప్రయాణం తప్పుతుంది, పరీక్ష అయిపోతుంది. వాళ్ళకి మీ మీద కోపమేమీ లేదు. ఆ ఖాళీని కొత్తవాళ్ళు నింపుతున్నంతకాలం తేడా తెలియదు, రావడం ఆగిన రోజు నుంచి గీత వంగుతుంది. అలాంటప్పుడు షోని తిరగరాస్తే, ఉన్నవాళ్ళకి నచ్చినదాన్ని కూడా చెడగొట్టుకుంటారు.

ఏది జరుగుతోందో తేల్చేది ఎపిసోడ్ ఎంతవరకు విన్నారో చూపించే రిటెన్షన్ గ్రాఫ్. ఆపిల్, స్పాటిఫై, యూట్యూబ్ మూడూ దీన్ని ఉచితంగానే ఇస్తాయి.

[స్క్రీన్ మీద: నలభై నిమిషాల ఎపిసోడ్ రిటెన్షన్ గ్రాఫ్, నమూనా]

ఒకదాన్ని దగ్గరగా చూద్దాం. ఇది నమూనా కోసం గీసినది. నలభై నిమిషాల ఎపిసోడ్. మొదటి నిమిషంలో గీత కాస్త పడింది. దీనికి కంగారు పడక్కర్లేదు, పొరపాటున నొక్కినవాళ్ళు, ముందు ఎపిసోడ్ అయిపోయి దానంతటదే ప్లే అయినవాళ్ళు ఇక్కడ వెళ్ళిపోతారు. ఇప్పుడు ఇక్కడ చూడండి. ఒకటిన్నర నిమిషం నుంచి ఐదో నిమిషం దాకా ఆగకుండా జారుతూనే ఉంది. ఆరో నిమిషం దగ్గర నిలబడింది. అక్కణ్ణుంచి దాదాపు చివరిదాకా బల్లపరుపుగా ఉంది. అంటే ఆరో నిమిషం దాటినవాళ్ళకి ఈ ఎపిసోడ్ నచ్చింది. అక్కడిదాకా వెళ్ళలేకపోయినవాళ్ళతోనే సమస్య.

ఏడాది కిందటి మీ ఎపిసోడ్ ఒకటి తీసి పక్కన పెట్టండి. అప్పుడు ఐదో నిమిషం దగ్గర వందలో ఎనభై మంది మిగిలి, ఇప్పుడు అరవై మందే మిగిలితే, వెళ్ళిపోవడమే మీ సమస్య. రెండు గీతలూ ఒకదానిమీద ఒకటి అతికినట్టు ఉంటే షో బాగానే ఉంది, కొత్తవాళ్ళు రావట్లేదు. వేరే షోల సగటుతో పోల్చుకుంటే పెద్దగా ఉపయోగం ఉండదు. పది నిమిషాల వార్తల షోకీ, రెండు గంటల సంభాషణకీ గీతలు ఒకేలా ఉండవు.

గీత ఎక్కడ పడిందో అక్కడికి వెళ్ళి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వినండి. చాలాసార్లు వినిపించేది ఇలా ఉంటుంది: అరనిమిషం మ్యూజిక్, స్వాగతం, పోయినవారం ఎపిసోడ్ గురించి నాలుగు మాటలు, ఫాలో చేయమని ఒక విన్నపం, ఒక ప్రకటన, అతిథి బయోడేటా, "ఎలా ఉన్నారండీ", "బాగున్నానండీ". ఇవి ఒకేసారి వచ్చి చేరినవి కావు. ఒక్కో ఎపిసోడ్‌కి ఒక్కొక్కటి చేరుతూ వస్తాయి. చేసేవాళ్ళకి తెలియదు, వినేవాళ్ళకి మాత్రం తెలుస్తుంది.

ఉద్యోగం మానేసి మళ్ళీ చదువుకి వెళ్ళిన ఒకావిడతో సంభాషణ అనుకోండి. ఇరవై మూడో నిమిషంలో ఆవిడ ఇలా అన్నారనుకుందాం: "రాజీనామా మెయిల్ రాసి రెండు వారాలు డ్రాఫ్ట్స్‌లోనే ఉంచాను. పంపిన రోజు భయం వేయలేదు, విపరీతంగా ఆకలి వేసింది." ఎపిసోడ్ ఆ మాటతో మొదలవ్వాలి. తర్వాత మీరు ఒక్క వాక్యంలో ఆవిడ ఎవరో, ఏం మాట్లాడబోతున్నారో చెప్పండి. నేరుగా మొదటి ప్రశ్నకి వెళ్ళండి. మ్యూజిక్ ఐదు సెకన్లు చాలు. బయోడేటా అవసరమైన చోట మాటల మధ్యలో వస్తుంది. అయితే ముందు వినిపించిన మాట వెనక కథని చివరిదాకా దాచిపెట్టకండి. ఒకసారి అలా ఊరించి విసిగిస్తే, తర్వాతి ఎపిసోడ్‌ని ఆ మనిషి నమ్మడు.

గీత మధ్యలో నిట్టనిలువుగా పడితే అక్కడ ప్రకటన ఉందేమో చూడండి. ఉంటే, దాని ముందు మాట తెగిపోయిందా, ప్రకటన గొంతు మీ గొంతు కంటే పెద్దగా ఉందా అని వినండి. శబ్దం విషయంలో ఆపిల్ సూచించే స్థాయి మైనస్ 16 లఫ్స్ (శబ్దం ఎంత పెద్దగా వినిపిస్తుందో కొలిచే ప్రమాణం), స్పాటిఫై మైనస్ 14. వీటిలో ఒకటి ఎంచుకుని ప్రతి ఎపిసోడ్‌నీ అదే స్థాయిలో పెట్టండి. అంతకంటే ముఖ్యం, అతిథి గొంతు మీ గొంతుతో సమానంగా వినిపించాలి. బస్సులో వినేవాడు ఒక్కో ప్రశ్నకీ వాల్యూమ్ తగ్గించి, ఒక్కో జవాబుకీ పెంచుకుంటూ కూర్చోడు.

ఎపిసోడ్ల మధ్య గ్యాప్ కూడా వెళ్ళిపోవడానికి పెద్ద కారణమే. విరామం అవసరమైతే తీసుకోండి, కానీ ఫలానా నెలలో తిరిగొస్తామని ఫీడ్‌లోనే ఒక నిమిషం ఆడియో పెట్టి వెళ్ళండి. చెప్పకుండా మాయమైతే జనం మరిచిపోతారు.

[స్క్రీన్ మీద: ఎపిసోడ్ పేర్ల జాబితా]

ఇక కొత్తవాళ్ళు రాని షోల సంగతి. ముందు మీ ఎపిసోడ్ పేర్లు చదవండి, మీ షో గురించి ఏమీ తెలియని మనిషిలాగా. "ఎపిసోడ్ 47: ఫలానా గారితో ముచ్చట్లు" అని ఉంటే, ఆ ఫలానా గారు తెలిసినవాళ్ళే నొక్కుతారు. విషయాన్ని పేరులోకి తీసుకురండి: "నలభై ఏళ్ళకి మళ్ళీ క్లాస్‌రూమ్‌లో కూర్చోవడం". యాప్‌లో వెతికేవాళ్ళు వెతికేది విషయాన్నే. ట్రైలర్ రెండేళ్ళ కిందటిది అయితే మళ్ళీ రికార్డ్ చేయండి.

చిన్న చిన్న క్లిప్‌లు కోసి సోషల్ మీడియాలో వేయడం మీద అందరూ చాలా సమయం పెడుతున్నారు. వాటికి వ్యూస్ వస్తాయి. కానీ ముప్పై సెకన్ల వీడియో చూసేవాణ్ణి నలభై నిమిషాలు వినడానికి తీసుకురావడం చాలా కష్టం. ఇప్పటికే పాడ్‌కాస్ట్ వింటున్న మనిషిని తీసుకురావడం దానికంటే ఎన్నో రెట్లు తేలిక. అందుకే నా సలహా, మీ విషయానికి దగ్గరగా ఉన్న షోల్లో అతిథిగా వెళ్ళండి. లేదా ఒకరి ఎపిసోడ్ ఇంకొకరి ఫీడ్‌లో వేసుకునే ఒప్పందం చేసుకోండి. యూట్యూబ్‌లో వీడియో కూడా మంచి దారే, కెమెరా ముందు మీ సంభాషణ సహజంగా ఉండేటట్టయితే. అది రెట్టింపు పని అని తెలిసే దిగండి.

ఈ రెండు రకాల సమస్యలకీ పనికొచ్చేది ఒకటుంది, ఎవరూ చేయనిది. వినడం మానేసినవాళ్ళతో మాట్లాడటం. నలుగురైదుగురు దొరికినా చాలు. "మా షో ఎలా ఉంది" అని మాత్రం అడగకండి, మొహమాటానికి బాగుందనేస్తారు. "చివరిగా విన్న ఎపిసోడ్ ఏది? అప్పుడు ఏం చేస్తూ విన్నారు? ఇప్పుడు ఆ సమయంలో ఏం వింటున్నారు?" అని అడగండి. మూడో ప్రశ్నకి వచ్చే జవాబు చాలాసార్లు ఆశ్చర్యపరుస్తుంది. మీకు పోటీ ఇంకో షో కాకపోవచ్చు. వాళ్ళు ఇప్పుడు ఇంటి నుంచే పని చేస్తుండొచ్చు, వినే ఆ గంటే వాళ్ళ రోజులో లేకుండా పోయి ఉండొచ్చు. అప్పుడు నలభై నిమిషాల ఎపిసోడ్‌ని ఇరవైకి తగ్గించడం గురించి ఆలోచించాల్సి వస్తుంది.

[స్క్రీన్ మీద: ఏడు రోజుల డౌన్‌లోడ్ల పట్టిక]

మార్చేటప్పుడు ఒకసారికి ఒక్కటే మార్చండి. కనీసం ఆరేడు ఎపిసోడ్లు దాన్నే కొనసాగించండి. ముందు బాగుపడేది రిటెన్షన్. డౌన్‌లోడ్లు చాలా ఆలస్యంగా కదులుతాయి, దానికి కారణం ఉంది. ఆపిల్ యాప్‌లో వినడం మానేసిన పాత ఫాలోవర్ల ఫోన్లలో ఆటోమేటిక్ డౌన్‌లోడ్లు ఆగిపోయి ఉంటాయి కదా. మీరు ఎంత మంచి ఎపిసోడ్ వేసినా అది వాళ్ళ ఫోన్‌లోకి దానంతటది దిగదు. మీ దగ్గర ఈమెయిల్ లిస్ట్ ఉంటే ఒక ఉత్తరం రాయండి. "మళ్ళీ వినండి" అని బతిమాలొద్దు, ఒక్క ఎపిసోడ్ లింక్ ఇచ్చి, అందులో ఏముందో రెండు వాక్యాల్లో చెప్పండి. వాళ్ళు ఒకసారి ప్లే నొక్కితే డౌన్‌లోడ్లు మళ్ళీ మొదలవుతాయి.

ఇవన్నీ చేశాక కూడా కదలిక లేని షోలుంటాయి. కొన్ని విషయాలు చెప్పడం నిజంగానే పూర్తవుతుంది. అలాంటప్పుడు ఒక చివరి ఎపిసోడ్ చేసి, ఇది ముగింపు అని శ్రోతలకి చెప్పండి. హోస్టింగ్ మాత్రం ఆపకండి. ఆ డబ్బు కట్టడం మానేస్తే ఫైళ్ళు పోతాయి, ఫీడ్ పోతుంది, దాని మీద నడిచే యాప్‌లన్నిటిలోనూ ఎపిసోడ్లు ప్లే అవడం ఆగిపోతుంది. పాత ఎపిసోడ్లని ఇవాళ వెతుక్కుంటూ వచ్చేవాళ్ళు ఇంకా ఉంటారు. కొన్ని హోస్టింగ్ కంపెనీల్లో కొత్త ఎపిసోడ్లు వేయని షోలకి తక్కువ ధర ప్లాన్ ఉంటుంది. మీ కంపెనీకి అది ఉందేమో అడగండి, లేకపోతే ఆడియో ఫైళ్ళన్నీ, షో నోట్స్‌తో సహా, ముందుగా మీ దగ్గర దాచుకోండి.