కొల్లేరులో నీరు ఎంత? క్యూజీఐఎస్‌తో కొలిచి చూద్దాం

[తెరపై: కొల్లేరు ఉపగ్రహ చిత్రం]

వ్యాఖ్యానం: కృష్ణా, గోదావరి డెల్టాల నడుమ ఉన్న కొల్లేరులో నీరు ఎంత మేర నిలిచి ఉందో తెలుసుకోవడానికి సాఫ్ట్‌వేర్‌ను గానీ చిత్రాలను గానీ కొనవలసిన పని లేదు. ఐరోపా ప్రయోగించిన సెంటినెల్-2 ఉపగ్రహాల చిత్రాలు ఉచితంగా లభిస్తాయి. వాటిని విశ్లేషించే పటాల సాఫ్ట్‌వేర్ క్యూజీఐఎస్‌ను గ్యారీ షెర్మన్ 2002లో ప్రారంభించారు. దాని సోర్స్ కోడ్‌ను ఎవరైనా చదవవచ్చు, మార్చుకోవచ్చు. అంతకంటే పాతదైన మరో పటాల సాఫ్ట్‌వేర్ గ్రాస్‌ను 1980లలో అమెరికా సైన్యపు పరిశోధనశాల ఒకటి తన అధీనంలోని భూముల నిర్వహణ కోసం రూపొందించుకుంది. సైనిక అవసరానికి పుట్టిన ఆ పరికరాలను నేడు ఎవరైనా క్యూజీఐఎస్ నుంచే వాడుకోవచ్చు.

[తెరపై: చిత్రంలోని విలువలతో లెక్కలు చేసే రాస్టర్ క్యాలిక్యులేటర్]

నీరు సమీప పరారుణ కాంతిని దాదాపు పూర్తిగా పీల్చుకుంటుంది, ఆకుపచ్చ కాంతిని మాత్రం కొంత వెనక్కి పంపుతుంది. అందువల్ల 10 మీటర్ల స్పష్టత గల 3వ బ్యాండ్ (ఆకుపచ్చ కాంతిని నమోదు చేసే చిత్రపు పొర) విలువ నుంచి 8వ బ్యాండ్ (సమీప పరారుణ కాంతి పొర) విలువను తీసివేసి, ఆ తేడాను రెండింటి మొత్తంతో భాగిస్తే, సాధారణంగా నీరున్న చోట ధన సంఖ్య, పైరు ఉన్న చోట రుణ సంఖ్య వస్తాయి. వైశాల్యం లెక్కించే ముందు లేయర్ (పటపు పొర) మీటర్లలో కొలిచే యూటీఎం పద్ధతిలోని 44 ఉత్తర జోన్‌లో ఉందో లేదో చూసుకోవాలి. అక్షాంశ రేఖాంశాల డిగ్రీలలో ఉన్న పటం మీద చదరపు మీటర్లు నేరుగా రావు.

[తెరపై: నీలిరంగులో నీటి పటం]

అసలు చిక్కు ఇక్కడే మొదలవుతుంది. ఈ సూత్రానికి సరస్సు నీరూ చేపల చెరువు నీరూ ఒక్కటే. ఆ రెండింటినీ వేరు చేయాలంటే గట్ల తిన్నని గీతలను చూసి, చెరువుల హద్దులను మనమే గీయాలి. పైగా కిక్కిస, గుర్రపుడెక్క కమ్ముకున్న చోట కింద నీరున్నా పటం దానిని పైరుగానే చూపుతుంది. కాబట్టి వచ్చిన అంకెను ‘పైకి కనిపించే నీరు’ అని రాయడమే నిజాయితీ.

[తెరపై: కాంటూరు రేఖలు]

కొల్లేరు అనగానే అందరూ అడిగేది ఐదో కాంటూరు (ఒకే ఎత్తున్న చోట్లను కలిపే రేఖ) గురించి. అభయారణ్యానికి హద్దుగా నిర్ణయించిన ఆ రేఖ సముద్రమట్టానికి 5 అడుగుల ఎత్తున, అంటే సుమారు మీటరున్నర ఎత్తున ఉంటుంది. 2000లో అంతరిక్ష నౌక నుంచి రాడార్‌తో సేకరించిన ఎస్‌ఆర్‌టీఎం ఎత్తుల సమాచారం ఉచితమే అయినా, అందులో ఎత్తులు పూర్ణ మీటర్లలోనే ఉంటాయి, కొన్ని మీటర్ల పొరపాటుకూ అవకాశం ఉంది. అయినా అడిగితే క్యూజీఐఎస్ మీటరున్నర రేఖను క్షణాల్లో గీసి ఇస్తుంది, చూడడానికి అది చక్కగానే ఉంటుంది. ఆ గీతను పట్టుకుని ఎవరి చెరువు హద్దు లోపల ఉందో, ఎవరిది వెలుపల ఉందో తేల్చకూడదు. అందుకు నేల మీద లెవెలింగ్ సర్వే చేసి సేకరించిన ఎత్తులు కావాలి. అవి దొరికితే అదే ప్రాజెక్టులో మరో లేయర్‌గా చేర్చి, హద్దును వాటి ఆధారంగానే గీయాలి.